ఒకే కంప్యూటరులో మూడు లైనక్స్‌లు: బూట్ మెనూ ఎవరి చేతిలో ఉండాలి?

కృష్ణాతీరం:

సభ్యులందరికీ నమస్కారం. నా కంప్యూటరులో రెండు డిస్కులు ఉన్నాయి. మొదటిదైన ఎన్‌వీఎంఈ డిస్కులో విండోస్ 11, ఉబుంటు 24.04 ఉన్నాయి, రెండవదైన శాటా ఎస్‌ఎస్‌డీలో ఫెడోరా ఉంది. ప్యాకేజీలు కట్టే పని కోసం ఇదే రెండవ డిస్కులో డెబియన్ 13ను కూడా స్థాపించుకోవాలని అనుకుంటున్నాను. విండోస్‌లో డిస్కును గుప్తీకరించే బిట్‌లాకర్ పనిచేస్తోంది. ఉద్యోగ నియమాల రీత్యా సెక్యూర్ బూట్‌ను, అంటే నమ్మదగిన సంతకం ఉన్న ఫైళ్ళనే బూట్‌లో నడపనిచ్చే ఏర్పాటును, ఆపివేసే వీలు లేదు.

ప్రస్తుతం ఉబుంటు వారి గ్రబ్ (ఏ వ్యవస్థను నడపాలో అడిగే బూట్‌లోడర్) మొదట వస్తుంది, అందులోనే అన్ని వ్యవస్థలూ కనిపిస్తాయి. అయితే ఫెడోరాలో కొత్త కెర్నల్ (లైనక్స్ మూలభాగం) వచ్చిన ప్రతిసారీ, మళ్ళీ ఉబుంటులోకి వెళ్ళి గ్రబ్ మెనూను తాజాపరిస్తే తప్ప ఆ కెర్నల్ మెనూలో చేరడం లేదు. ఫెడోరాకు కెర్నళ్ళు ఎంత తరచుగా వస్తాయో మీకు తెలియనిది కాదు. దీనికి డెబియన్ కూడా తోడైతే ఈ తిరుగుడు ఇంకా పెరుగుతుంది.

నా ప్రశ్నలు రెండు. మూడు లైనక్స్‌లలో ఏది మెనూకు యజమానిగా ఉండాలి? గ్రబ్‌తోనే కొనసాగడం మేలా, లేక రీఫైండ్, సిస్టమ్‌డీ-బూట్ వంటి ఇతర బూట్‌లోడర్లకు మారడం మేలా?

బాటసారి:

కృష్ణాతీరం గారు, మీ మొదటి ప్రశ్నలోనే ఒక పాతకాలపు ఊహ దాగి ఉంది. ఒక కంప్యూటరుకు ఒకే మెనూ, దానికి ఒకే యజమాని ఉండాలన్నది బయోస్ కాలపు నిర్బంధం. బయోస్ స్థానంలో వచ్చిన కొత్త ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులో ఉండి బూట్‌ను మొదలుపెట్టే కార్యక్రమం) యూఈఎఫ్‌ఐ. ఆ యంత్రంలో ఈ నిర్బంధం లేదు. ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్‌లో, అంటే మనం ఈఎస్‌పీ అని పిలిచే ఆ చిన్న ఫ్యాట్32 పార్టిషన్‌లో, ఉబుంటు తన పేరిట ఒక ఫోల్డరు పెట్టుకుంటుంది, ఫెడోరా తన పేరిట ఒకటి, డెబియన్ తన పేరిట ఒకటి పెట్టుకుంటాయి. విండోస్ ఫోల్డరు మైక్రోసాఫ్ట్ పేరుతో ఉంటుంది. వీటిలో ప్రతి దానికీ మదర్‌బోర్డులోని ఎన్‌వీ-ర్యామ్ అనే జ్ఞాపకంలో ఒక నమోదు, ఆ నమోదులన్నిటికీ ఒక వరుస ఉంటాయి. నాలుగు బూట్‌లోడర్లు ఒకదాని జోలికి మరొకటి పోకుండా పక్కపక్కనే ఉండగలవు.

ఇక మీ ఇబ్బందికి మూలం ఓఎస్-ప్రోబర్. ఉబుంటులో గ్రబ్ మెనూను తాజాపరచినప్పుడు ఈ కార్యక్రమం మిగిలిన పార్టిషన్లను తెరిచి, అక్కడ ఆ క్షణాన ఏ కెర్నళ్ళు ఉన్నాయో చూసి, వాటిని ఉబుంటు మెనూలోకి ఎక్కిస్తుంది. మరునాడు ఫెడోరా పాత కెర్నల్‌ను తొలగించి కొత్తదాన్ని పెట్టుకుంటే ఆ సంగతి ఉబుంటుకు తెలియదు. పైగా ఫెడోరా తన కెర్నల్ నమోదులను గ్రబ్ ఆకృతీకరణ ఫైలులో వ్రాయదు. బూట్ ఫోల్డరులోని లోడర్ అనే ఉపఫోల్డరులో ఒక్కో కెర్నల్‌కు ఒక్కో చిన్న ఫైలుగా ఉంచుతుంది. ఈ పద్ధతిని ఎరుగని ఓఎస్-ప్రోబర్ అక్కడి ఫైళ్ళ పేర్లను బట్టి ఊహించి నమోదు తయారుచేస్తుంది. ఫెడోరా డెస్క్‌టాప్ 2020లో వచ్చిన 33వ కూర్పు నుంచి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను వాడుతోంది కాబట్టి, రూట్ ఏ ఉపవిభాగంలో ఉందో చెప్పే మాట కెర్నల్‌కు అందకపోతే ఆ ఊహించిన నమోదు బూట్ మధ్యలోనే ఆగిపోతుంది. గ్రబ్ రూపకర్తలు 2021లో వచ్చిన 2.06 కూర్పులో ఓఎస్-ప్రోబర్‌ను అప్రమేయంగా ఆపివేశారు. తెలియని పార్టిషన్లను రూట్ అధికారంతో మౌంట్ చేసి లోపల వెదకడం భద్రతకు మంచిది కాదన్నది వారు చెప్పిన కారణం. భద్రత మాట పక్కన పెట్టినా అది సరైన నిర్ణయమేనని నేను భావిస్తాను.

కాబట్టి నా సలహా ఇది. మూడు లైనక్స్‌లలోనూ ఓఎస్-ప్రోబర్‌ను ఆపండి. ప్రతి లైనక్స్ తన గ్రబ్‌లో తన కెర్నళ్ళను మాత్రమే చూపనివ్వండి. మీరు ఎక్కువగా వాడే లైనక్స్ వారి గ్రబ్‌ను ఎన్‌వీ-ర్యామ్ వరుసలో మొదట ఉంచండి. దాని 40_కస్టమ్ అనే, మన సొంత నమోదులకు కేటాయించిన ఫైలులో మిగిలిన వాటికి ఒక్కొక్క నమోదు చేతితో వ్రాయండి. ఆ నమోదులో కెర్నల్ పేరు రాకూడదు; సంబంధిత ఈఎస్‌పీ యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య), ఆ ఫోల్డరులోని షిమ్ (సెక్యూర్ బూట్ నమ్మే సంతకంతో ఉండి గ్రబ్‌ను నడిపే చిన్న ఫైలు) దారి, దానికి ముందు మరో బూట్‌లోడర్‌కు పని అప్పగించే చైన్‌లోడర్ అనే ఆజ్ఞ ఉంటే చాలు. ఫెడోరా ఎన్ని కెర్నళ్ళు మార్చుకున్నా దాని షిమ్ ఉండే చోటు మారదు కనుక ఈ నమోదును మళ్ళీ ముట్టుకోవలసిన పని ఉండదు.

దీనివల్ల రెండు మెనూలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. రెండవ మెనూ నిరీక్షణ సమయాన్ని ఒక సెకనుకు తగ్గించుకుంటే ఆ ఆలస్యం తెలియదు.

పాతపెట్టె:

బాటసారి గారు చెప్పినది యూఈఎఫ్‌ఐ వారికి వర్తిస్తుంది. నాలాగా కోర్ 2 డుయో కాలపు యంత్రాలను ఇంకా పని చేయిస్తున్న వారు కూడా ఈ చర్చను చదువుతారు కనుక బయోస్ సంగతి వ్రాస్తున్నాను.

బయోస్ యంత్రంలో డిస్కు మొదటి సెక్టారు పరిమాణం 512 బైట్లు; అందులో బూట్ కోడ్‌కు దక్కేవి 446. గ్రబ్ తన మొదటి ముక్కను అక్కడ పెట్టి, అసలు శరీరాన్ని ఆ సెక్టారుకూ మొదటి పార్టిషన్‌కూ నడుమ ఖాళీగా ఉండే చోటులో దాచుకుంటుంది. జీపీటీ అనే కొత్త రకపు పార్టిషన్ పట్టిక ఉన్న డిస్కు అయితే ఆ చోటు ఉండదు కనుక ఒక మెగాబైటు పరిమాణంలో బయోస్ బూట్ పార్టిషన్ విడిగా ఇవ్వాలి. ఉన్నది ఒక్క చోటే కాబట్టి ఆఖరున ఎవరు స్థాపించుకుంటే డిస్కు వారిదవుతుంది. ఈ కారణంగా రెండవ లైనక్స్‌ను స్థాపించేటప్పుడు బూట్‌లోడర్‌ను ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వద్ద ఆగి, పెట్టవద్దని చెప్పడమే మంచిది.

కొందరు రెండవ గ్రబ్‌ను పార్టిషన్ మొదటి సెక్టారులో పెట్టి, అక్కడికి చైన్‌లోడ్ చేస్తారు. అలా చేయబోతే గ్రబ్ హెచ్చరిస్తుంది. బలవంతం చేస్తే తప్ప ఒప్పుకోదు. తన శరీరం డిస్కులో ఏయే బ్లాకులలో ఉందో సంఖ్యల జాబితాగా వ్రాసుకోవలసి రావడం అందుకు కారణం. ఫైల్ సిస్టమ్ ఆ బ్లాకులను కదిలించిన రోజున బూట్ ఆగిపోతుంది. 2015 డిసెంబరులో అభివృద్ధి ఆగిపోయిన లైలో అనే పాత బూట్‌లోడర్ కూడా ఇలాంటి జాబితా మీదే నడిచేది. కెర్నల్ మారిన ప్రతిసారీ లైలో ఆజ్ఞను మళ్ళీ నడపవలసిన అవసరం అందువల్లనే ఉండేది.

బయోస్ యంత్రంలో నేను వాడే మార్గం కాన్ఫిగ్‌ఫైల్ అనే ఆజ్ఞ. యజమాని గ్రబ్‌లో చేతితో వ్రాసిన నమోదు, రెండవ లైనక్స్ పార్టిషన్‌ను యూయూఐడీతో వెదికి, అక్కడి గ్రబ్ ఆకృతీకరణ ఫైలును నేరుగా తెరుస్తుంది. ఆ ఫైలును రెండవ లైనక్స్ తానే తాజాగా ఉంచుకుంటుంది కనుక మనకు పని ఉండదు. ఒక షరతు మాత్రం ఉంది. ఆ ఫైలులోని ఆజ్ఞలన్నీ మొదటి గ్రబ్‌కు తెలిసినవై ఉండాలి. లోడర్ ఉపఫోల్డరులోని చిన్న ఫైళ్ళను చదవడానికి ఫెడోరా తన గ్రబ్‌లో చేర్చుకున్న బీఎల్‌ఎస్ ఆజ్ఞ డెబియన్ 13లోని 2.12 కూర్పుకు తెలియదు. అందువల్ల ఫెడోరాతో ఈ ఉపాయం సాగదు. ఫెడోరానే యజమానిని చేసి, డెబియన్ ఫైలును దాని నుంచి తెరిస్తే సాగుతుంది.

డెబియన్‌కు మరో సులువు కూడా ఉంది. దాని రూట్ ఫోల్డరులో తాజా కెర్నల్‌కూ, తాజా ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌కూ (బూట్ తొలిదశలో కెర్నల్ వాడే ఫైళ్ళ పొట్లం) ఎప్పుడూ మారని పేర్లతో సింబాలిక్ లింకులు ఉంటాయి. నమోదును ఆ లింకులకు వ్రాసినా పని జరుగుతుంది.

తెరచాప:

రెండు మెనూలు వరుసగా వచ్చే ఏర్పాటును నేను ఎన్నడూ ఇష్టపడలేదు. చేతితో వ్రాసిన నమోదులు కూడా ఒక రకమైన నిల్వ సమాచారమే. పార్టిషన్ యూయూఐడీ మారితే అవీ పాతబడతాయి. నా మొగ్గు రీఫైండ్ వైపు.

రీఫైండ్‌ను రాడరిక్ స్మిత్ 2012లో, అప్పటికి నిలిచిపోయిన రీఫిట్ నుంచి మొలకెత్తించారు. దీని స్వభావం గ్రబ్‌కు పూర్తిగా భిన్నం. గ్రబ్ మెనూ ముందుగా వ్రాసి పెట్టుకున్న ఫైలు. రీఫైండ్ మెనూ బూట్ సమయంలో అప్పటికప్పుడు తయారవుతుంది. కంప్యూటరును వెలిగించిన ప్రతిసారీ అది ఈఎస్‌పీలను వెదికి, ఈఎఫ్‌ఐ ఫైళ్ళను గుర్తించి, తనతో తెచ్చుకున్న ఈఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ డ్రైవర్ల సాయంతో బూట్ ఫోల్డర్లలోని కెర్నళ్ళను కూడా చూస్తుంది. కాబట్టి కొత్త కెర్నల్ వస్తే ఏ ఆజ్ఞా నడపకుండానే కనిపిస్తుంది. కెర్నల్‌కు అందవలసిన మాటలను ఆ బూట్ ఫోల్డరులోనే ఒక చిన్న ఫైలులో వ్రాసి ఉంచాలి.

కృష్ణాతీరం గారికి సెక్యూర్ బూట్ తప్పనిసరి కనుక ఒక సంగతి ముందే చెప్పాలి. రీఫైండ్‌కు మైక్రోసాఫ్ట్ సంతకం ఉండదు. దానిని ఏదో ఒక డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా వంటి లైనక్స్ పంపిణీ) వారి షిమ్ ద్వారా నడపాలి. దాని తాళాన్ని మోక్ జాబితాలో, అంటే షిమ్ నమ్మేలా మనం పెట్టే తాళాల జాబితాలో, చేర్చాలి. ఆపైన ఉబుంటు కెర్నల్‌ను నేరుగా నడపాలంటే ఉబుంటు తాళం, ఫెడోరా కెర్నల్‌కు ఫెడోరా తాళం కూడా ఆ జాబితాలో ఉండాలి. రీఫైండ్ పొట్లంలో ఈ తాళాల ఫైళ్ళు కొన్ని వస్తాయి. ఒక్కసారి చేర్చితే సరిపోతుంది. అంత శ్రమ వద్దనుకుంటే, కెర్నళ్ళను వెదకవద్దని రీఫైండ్‌కు చెప్పి, ఒక్కో డిస్ట్రో షిమ్‌కు ఒక్క బొమ్మ మాత్రం చూపేలా పెట్టుకోవచ్చు. ఇలా పెట్టుకుంటే బాటసారి గారి ఏర్పాటే ఒక్క చేతివ్రాత నమోదు కూడా లేకుండా వచ్చేస్తుంది.

చిన్నమెనూ:

సిస్టమ్‌డీ-బూట్ గురించి ఎవరూ వ్రాయలేదు కనుక నేను వ్రాస్తున్నాను. ఒకప్పుడు గమ్మీబూట్ పేరుతో విడిగా ఉండి, 2015లో సిస్టమ్‌డీలో కలిసిపోయిన కార్యక్రమం ఇది. దీని గుణమంతా దీని పరిమితిలోనే ఉంది. ఇది ఈఎక్స్‌టీ4ను చదవదు, లక్స్ అనే డిస్కు గుప్తీకరణను విప్పదు, థీములు ఎరుగదు. ఫర్మ్‌వేర్ చదవగలిగిన ఫ్యాట్ పార్టిషన్‌లో ఏముందో చూసి, ఎంచుకున్న దానిని నడుపుతుంది, అంతే. చిన్న కోడ్‌లో తప్పులకు చోటు తక్కువ.

ఆ పరిమితికి మూల్యం కూడా ఉంది. కెర్నల్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ళు ఈఎస్‌పీలోనైనా ఉండాలి, లేదా అదే డిస్కులో ఎక్స్‌బూట్‌ఎల్‌డీఆర్ అనే ప్రత్యేక రకపు పార్టిషన్‌లోనైనా ఉండాలి. విండోస్ తనంతట తాను తయారుచేసే ఈఎస్‌పీ చాలా యంత్రాలలో 100 మెగాబైట్లే ఉంటుంది. ఈ రోజుల్లో ఒక కెర్నల్‌కూ దాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌కూ అంత చోటు దాదాపు సరిపోదు. ఒక్కో లైనక్స్‌కు రెండేసి కెర్నళ్ళు ఉంచుకోవాలంటే ఒక గిగాబైటు ఈఎస్‌పీ కావాలి. అందువల్ల కృష్ణాతీరం గారి మొదటి డిస్కుకు ఇది నప్పదు. మరో చిక్కు, విండోస్ అదే ఈఎస్‌పీలో ఉంటేనే ఇది దానంతట అది గుర్తిస్తుంది. వేరే డిస్కులో ఉన్న విండోస్‌ను చూడదు.

డిస్కును మొదటి నుంచి పార్టిషన్ చేసుకుంటున్నవారు మాత్రం దీనిని తప్పక పరిశీలించాలి. పాప్ ఓఎస్ యూఈఎఫ్‌ఐ యంత్రాలలో దీనినే వాడుతోంది. ఆర్చ్‌లోనూ దీనికి వాడుక ఎక్కువ.

బాటసారి:

తెరచాప గారి మాటలో ఒక భాగాన్ని ఒప్పుకుంటాను; షిమ్‌లను మాత్రం చూపే రీఫైండ్ మంచి ఏర్పాటే. ఒక లైనక్స్ కెర్నళ్ళను మరొకరి బూట్‌లోడర్‌తో నేరుగా నడిపే పద్ధతిని మాత్రం, అది గ్రబ్ అయినా రీఫైండ్ అయినా, నేను సమర్థించలేను. దానికి రెండు ఉదాహరణలు ఇస్తాను.

ఈఎక్స్‌టీ4 పార్టిషన్లను తయారుచేసే ఉపకరణాలైన ఈ2ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ 2023లో 1.47 కూర్పుకు వచ్చినప్పుడు, కొత్తగా తయారుచేసే పార్టిషన్లలో చెక్‌సమ్ బీజాన్ని విడిగా నిలువచేసే లక్షణాన్ని అప్రమేయంగా చేర్చింది. మూల గ్రబ్ 2.06కు ఆ లక్షణం తెలియదు. ఫలితంగా కొత్త డిస్ట్రో తయారుచేసిన పార్టిషన్‌ను పాత డిస్ట్రో వారి గ్రబ్ తెలియని ఫైల్ సిస్టమ్ అని తోసిపుచ్చింది. ఎవరి గ్రబ్ వారి పార్టిషన్‌ను చదువుకునే ఏర్పాటులో ఈ తగవు రాదు, ఎందుకంటే ఒక డిస్ట్రో తన గ్రబ్‌నూ తన ఫైల్ సిస్టమ్ పరికరాలనూ కలిపి పరీక్షించుకుంటుంది. లక్స్ సంగతీ ఇటువంటిదే. గ్రబ్ 2.06లో లక్స్2 చదివే శక్తి వచ్చినా అది పాత పీబీకేడీఎఫ్2 తాళాలకే పరిమితం. నేటి డిస్ట్రోలు అప్రమేయంగా పెట్టే ఆర్గాన్2 తాళాన్ని విప్పలేదు.

రెండవది ఆర్చ్ వారికి 2022 ఆగస్టులో ఎదురైనది. గ్రబ్ ప్యాకేజీ కొత్త కూర్పు, మెనూ ఫైలులో ఒక కొత్త ఆజ్ఞను వ్రాసింది. ఆర్చ్‌లో ప్యాకేజీ మారినంత మాత్రాన ఈఎస్‌పీలోని గ్రబ్ మారదు. గ్రబ్-ఇన్‌స్టాల్ విడిగా నడపాలి. మెనూను తాజాపరచి, బూట్‌లోడర్‌ను మాత్రం మార్చనివారి యంత్రాలు బూట్ కాలేదు. డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీ తానే ఆ పని చేస్తుంది. ఫెడోరాలో యూఈఎఫ్‌ఐ యంత్రాల మీద గ్రబ్2-ఇన్‌స్టాల్ అసలు నడపకూడదు. సంతకం చేసిన ఫైలు ప్యాకేజీ నుంచే వస్తుంది, దానిని మళ్ళీ స్థాపించితే చాలు. మూడు డిస్ట్రోలకు మూడు ఆచారాలు ఉన్నప్పుడు ఒకరి వంటింట్లో మరొకరు వండబోకపోవడమే క్షేమం.

ల్యాబ్ మాస్టారు:

కళాశాల ప్రయోగశాలలో ఒకే డిస్కు మీద విండోస్, డెబియన్, ఉబుంటు నడుస్తున్న యంత్రాలను చూసుకునేవాడిగా మరో కోణం చెబుతాను. ఇక్కడివారంతా ఎన్‌వీ-ర్యామ్ నమోదులు శాశ్వతమైనవన్నట్లు మాట్లాడుతున్నారు. నా అనుభవంలో అవి శాశ్వతం కావు. ఫర్మ్‌వేర్‌ను తాజాపరచినప్పుడు కొన్ని బోర్డులు నమోదులన్నిటినీ తుడిచివేస్తాయి. డిస్కును విప్పి మళ్ళీ బిగిస్తే కొన్ని తొలగిస్తాయి. విండోస్ పేరుతో ఉన్న నమోదును తప్ప మరొకదానిని లెక్కచేయని బోర్డులూ మార్కెట్టులోకి వచ్చాయి. కనుక యూఈఎఫ్‌ఐ వచ్చింది కాబట్టి యజమాని అవసరం తీరిపోయిందని అనుకోకండి.

దీనికి విరుగుడు తిరుగుదారి. ఏ నమోదూ లేనప్పుడు ఫర్మ్‌వేర్, ఈఎస్‌పీలోని ఈఎఫ్‌ఐ ఫోల్డరులో బూట్ అనే ఉపఫోల్డరు తెరిచి, అందులో బూట్ఎక్స్64 అనే ఫైలును నడపాలని ప్రమాణం చెబుతుంది. పెన్‌డ్రైవులు బూట్ అయ్యేదీ ఈ దారినే. డెబియన్‌లో గ్రబ్ ఈఎఫ్‌ఐ ప్యాకేజీని మళ్ళీ ఆకృతీకరిస్తే, ఈ దారిలో కూడా ఒక ప్రతి ఉంచాలా అని ఒక ప్రశ్న వస్తుంది. దానికి అవునని చెబితే, ఆపైన ప్రతి తాజాకరణలోనూ డెబియన్ ఆ ప్రతిని తానే నవీకరిస్తుంది. ఒక ఈఎస్‌పీలో ఆ దారి ఒక్కటే కనుక దానిని ఏ లైనక్స్‌కు అప్పగిస్తున్నారో నిర్ణయించుకుని, మిగిలిన వాటిలో ఈ ఎంపికను ఆపి ఉంచాలి.

విద్యార్థుల చేతిలోకి వెళ్ళే యంత్రం అయితే గ్రబ్‌కు సంకేతపదం పెట్టడం అవసరం. లేకపోతే మెనూలో ‘ఈ’ అక్షరం నొక్కి కెర్నల్ మాటలు మార్చి రూట్‌గా ప్రవేశించడం పెద్ద విద్యేమీ కాదు. సంకేతపదం పెట్టినప్పుడు నమోదులకు అన్‌రిస్ట్రిక్టెడ్ అనే మాటను చేర్చాలి. అది చేర్చకపోతే సాధారణ బూట్‌కు కూడా సంకేతపదం అడుగుతుంది.

దూరం నుంచి యంత్రాన్ని మరో వ్యవస్థలోకి మార్చవలసినవారికి ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ కార్యక్రమంలోని బూట్‌నెక్స్ట్ చాలా ఉపయోగం. తరువాతి ఒక్క బూట్‌కు మాత్రం ఏ నమోదును వాడాలో అది చెబుతుంది. ఆపైన పాత వరుసే కొనసాగుతుంది. గ్రబ్‌లోనూ గ్రబ్-రీబూట్ అనే ఆజ్ఞ ఉంది, కానీ బూట్ ఫోల్డరు బీటీఆర్‌ఎఫ్‌ఎస్ మీదనో, ఎల్‌వీఎం మీదనో ఉంటే గ్రబ్ తన జ్ఞాపకపు ఫైలులో తిరిగి వ్రాయలేదు; ఒకసారికని చెప్పిన ఎంపిక అక్కడే ఉండిపోతుంది.

కృష్ణాతీరం:

అందరికీ ధన్యవాదాలు. విండోస్‌ను కూడా గ్రబ్ మెనూ నుంచే నడిపితే బిట్‌లాకర్‌కు ఏమైనా ఇబ్బంది ఉంటుందా? అలాగే, 2024లో ఒక విండోస్ నవీకరణ తరువాత చాలామంది లైనక్స్ బూట్ ఆగిపోయిందని చదివాను. మళ్ళీ అటువంటిది జరిగితే నేను చేయవలసినది ఏమిటి?

తాళంచెవి:

సెక్యూర్ బూట్ నా పనిలో భాగం కనుక ఈ రెండింటికీ నేను సమాధానం చెబుతాను.

బిట్‌లాకర్ తన తాళాన్ని టీపీఎం అనే భద్రతా చిప్‌లో ఉంచి, బూట్ జరిగిన తీరు మునుపటిలాగే ఉంటేనే దానిని విడుదల చేయమంటుంది. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రాలలో అది సాధారణంగా 7, 11 సంఖ్యల పీసీఆర్‌లను (బూట్ కొలతలు నమోదయ్యే గడులను) చూస్తుంది. వీటిలో ఏడవదానిలో, ఎవరి సంతకం ఆధారంగా ఫైళ్ళను నమ్మారన్నది నమోదవుతుంది. ఫర్మ్‌వేర్ నేరుగా విండోస్‌ను నడిపితే అక్కడ విండోస్ సంతకం మాత్రమే ఉంటుంది. షిమ్, గ్రబ్ మీదుగా వెళ్తే లైనక్స్ వారి ఫైళ్ళపై మైక్రోసాఫ్ట్ చేసే వేరొక సంతకం కూడా వచ్చి చేరుతుంది. కొలత మారింది కనుక టీపీఎం తాళాన్ని ఇవ్వదు. విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అందువల్ల బిట్‌లాకర్ ఉన్న విండోస్‌ను గ్రబ్ మెనూలో పెట్టకండి. ఫర్మ్‌వేర్ మెనూ నుంచి గానీ, మాస్టారు గారు చెప్పిన బూట్‌నెక్స్ట్‌తో గానీ వెళ్ళండి. సిస్టమ్‌డీ-బూట్‌లో దీనికోసమే ఒక ఎంపిక ఉంది. విండోస్‌ను ఎంచుకోగానే అది బూట్‌నెక్స్ట్ పెట్టి యంత్రాన్ని మళ్ళీ మొదలుపెడుతుంది. ఏది చేసినా రికవరీ కీని వేరే చోట భద్రపరచకుండా బూట్‌లోడర్ జోలికి వెళ్ళవద్దు.

ఇక 2024 ఆగస్టు సంగతి. దాని మూలం 2020 జూలైలో బయటపడిన బూట్‌హోల్ లోపంలో ఉంది. గ్రబ్‌లో లోపాలు దొరికినప్పుడు పాత గ్రబ్ ఫైళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా నిషేధించాలంటే, ఫర్మ్‌వేర్‌లోని తిరస్కరణ జాబితాకు ఉన్న చోటు ఏమాత్రం చాలదు. దానికి బదులుగా షిమ్ రూపకర్తలు ఎస్‌బ్యాట్ అనే పద్ధతిని తెచ్చారు. ప్రతి బూట్ ఫైలుకూ ఒక తరం సంఖ్య ఉంటుంది. ఫలానా తరానికి ముందువాటిని నమ్మవద్దని ఒక్క చిన్న చరరాశిలో వ్రాస్తే సరిపోతుంది. ఆ ఆగస్టు నవీకరణలో మైక్రోసాఫ్ట్ ఆ సంఖ్యను పెంచింది. లైనక్స్‌తో పాటు ఉన్న యంత్రాలకు అది వర్తించకూడదన్నది వారి ఉద్దేశం. కానీ కొన్ని రకాల జంట బూట్ ఏర్పాట్లను వారి పరీక్ష గుర్తించలేదు. పాత షిమ్ ఉన్నవారికి ఎస్‌బ్యాట్ పరీక్ష విఫలమైందన్న సందేశం వచ్చి యంత్రం ఆగిపోయింది.

అటువంటప్పుడు చేయవలసినది, మీ ఉద్యోగ నియమాల రీత్యా అనుమతి తీసుకుని సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లైనక్స్‌లోకి వెళ్ళి, మోక్‌యుటిల్ అనే ఆజ్ఞ ద్వారా ఎస్‌బ్యాట్ విధానాన్ని తొలగించమని చెప్పి, ఒకసారి మళ్ళీ బూట్ చేసి, షిమ్‌నూ గ్రబ్‌నూ తాజాపరచి, ఆపైన సెక్యూర్ బూట్‌ను తిరిగి పెట్టడం. అయితే మీ విషయంలో ఇది ఒక హెచ్చరిక కూడా. మూడు లైనక్స్‌లు ఉంటే మూడు షిమ్‌లు ఉంటాయి. వాటిలో ఒక లైనక్స్ తన తాజా షిమ్‌తో సంఖ్యను పెంచితే, నెలల తరబడి తెరవకుండా వదిలేసిన మరో లైనక్స్ ఆగిపోవచ్చు. వాడని డిస్ట్రోను కూడా అప్పుడప్పుడు తెరిచి తాజాపరచాలి, లేదా తొలగించాలి.

ఇంకొకటి. ఇన్నేళ్ళుగా షిమ్‌లపై సంతకానికి ఆధారమైన 2011 నాటి మైక్రోసాఫ్ట్ ధ్రువపత్రం గడువు 2026 జూన్ వరకే. ఇప్పటికే సంతకమైన షిమ్‌లు ఆ కారణంగా ఆగిపోవు. కానీ 2023 ధ్రువపత్రంతో సంతకమయ్యే కొత్త షిమ్‌లను నమ్మాలంటే మీ ఫర్మ్‌వేర్‌లో ఆ ధ్రువపత్రం ఉండాలి. బోర్డు తయారీదారు ఇచ్చే నవీకరణలను వాయిదా వేయకండి.

వెన్నెలరాత్రి:

చర్చకు కొంచెం పక్కన ఉన్న ప్రశ్న. 40_కస్టమ్‌లో నమోదుల పేర్లను తెలుగులో వ్రాసుకోవచ్చా?

బాటసారి:

వ్రాసుకోవచ్చు, కానీ చదువుకోవడం కష్టం. గ్రబ్ గ్రాఫిక్ మెనూ, గ్నూ యూనిఫాంట్ నుంచి తయారైన ఫాంటును వాడుతుంది. అందులో తెలుగు అక్షరాలు ఉన్నాయి. అయితే ఒత్తులను, గుణింతాలను ఓపెన్‌టైప్ నియమాల ప్రకారం కూర్చే యంత్రాంగం గ్రబ్‌లో లేదు. ‘డెబియన్’ గుర్తుపట్టేలా రావచ్చు. ‘లైనక్స్’ చివరన ఉన్న ‘క్స్’ మాత్రం విడిపోతుంది. రీఫైండ్‌లో బొమ్మలను మనమే ఇవ్వవచ్చు కనుక, తెలుగు పేరును ఒక పీఎన్‌జీ బొమ్మగా గీసి పెట్టుకుంటే అక్కడ చక్కగా కనిపిస్తుంది.

కృష్ణాతీరం:

మీ సలహాల మీద నేను చేసుకున్న ఏర్పాటు ఇది. డెబియన్‌ను రెండవ డిస్కులో స్థాపించాను. ఆ సమయంలో మొదటి డిస్కులోని ఈఎస్‌పీని వాడవద్దని ఇన్‌స్టాలర్‌కు చెప్పి, ఫెడోరా ఉన్న ఈఎస్‌పీనే చూపాను. ఇప్పుడు విండోస్, ఉబుంటు మొదటి ఈఎస్‌పీలోనూ, ఫెడోరా, డెబియన్ రెండవ ఈఎస్‌పీలోనూ ఉన్నాయి. మూడింటిలోనూ ఓఎస్-ప్రోబర్‌ను ఆపాను. వరుసలో డెబియన్ మొదటిది; రెండవ డిస్కు తిరుగుదారి కూడా దానికే అప్పగించాను. డెబియన్ 40_కస్టమ్‌లో ఉబుంటు షిమ్‌కూ ఫెడోరా షిమ్‌కూ ఒక్కొక్క నమోదు ఉంది. విండోస్ ఆ మెనూలో లేదు; దానికోసం డెబియన్ డెస్క్‌టాప్‌లో బూట్‌నెక్స్ట్ పెట్టి పునఃప్రారంభించే ఒక చిన్న స్క్రిప్టు వ్రాసుకున్నాను. ఫెడోరాలో ఒక కొత్త కెర్నల్ వచ్చింది. మరెక్కడా ఏమీ నడపకుండానే దాని మెనూలో కనిపించింది.

రీఫైండ్‌కు వెళ్ళకపోవడానికి కారణం దానిలో లోపం కాదు, మోక్ తాళాల జాబితాను పెంచుకోవడం నాకు ఇష్టం లేకపోవడమే. ఇక మిగిలిన సందేహం ఒక్కటే. కొన్నాళ్ళకు ఉబుంటును తొలగించి, దాని స్థానంలో లైనక్స్ మింట్ పెట్టుకోవాలనుకుంటే ఏ క్రమంలో చేయాలి?

పాతపెట్టె:

పార్టిషన్‌ను చివరన తొలగించాలి. ముందు డెబియన్‌లో 40_కస్టమ్ నుంచి ఉబుంటు నమోదును తీసివేసి మెనూను తాజాపరచండి. తరువాత ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌తో ఉబుంటు నమోదు సంఖ్యను చూసి తొలగించండి. ఆపైన మొదటి ఈఎస్‌పీని మౌంట్ చేసి ఉబుంటు ఫోల్డరును తుడిచి, ఆ తరువాత పార్టిషన్‌ను తుడవండి. ఈ ఫోల్డరులోని గ్రబ్ ఫైలులో ఉండేది రెండు మూడు పంక్తులే. అవి ఉబుంటు పార్టిషన్ యూయూఐడీని చూపిస్తాయి. పార్టిషన్ పోయి ఫోల్డరు మిగిలితే, పొరపాటున ఆ నమోదును ఎంచుకున్నవారు నల్లటి గ్రబ్ ఆజ్ఞల తెర ముందు చిక్కుకుంటారు.

మింట్ విషయంలో ఒక విశేషం ఉంది. అది ఉబుంటు సంతకం చేసిన గ్రబ్‌నే వాడుకుంటుంది. ఆ గ్రబ్ తన ఆకృతీకరణను ఉబుంటు అనే ఫోల్డరులోనే వెదికేలా తయారైంది. కనుక మింట్ కూడా ఈఎస్‌పీలో ఉబుంటు పేరుతోనే ఫోల్డరు పెట్టుకుంటుంది, ఎన్‌వీ-ర్యామ్‌లోనూ అదే పేరు కనిపిస్తుంది. మీరు ఉబుంటును తీసివేశాకే మింట్ పెడుతున్నారు కనుక మీకు చిక్కు లేదు. రెండూ కలిసి ఉండాలనుకునేవారు మాత్రం వాటిని వేర్వేరు డిస్కుల ఈఎస్‌పీలలో ఉంచాలి. మింట్ వచ్చాక దాని షిమ్ దారి కూడా పాతదే అవుతుంది. 40_కస్టమ్‌లో ఆ నమోదును మళ్ళీ చేర్చేటప్పుడు శీర్షిక ఒక్కటే మారుతుంది.